నెలకోసారి కొండెక్కడం అందరికీ తప్పనిసరి చేయాలా?

బైరాగిపట్టెడ వాకర్:
రోజూ పొద్దున ఐదున్నరకు పార్కులో కలుస్తాం. పది మందితో మొదలై ఇప్పుడు నలభై దాటాం. అరగంట నడక, సూర్యనమస్కారాలు, ప్రాణాయామం, చివర్లో గేటు దగ్గర రాగిజావ. నెలలో మొదటి ఆదివారం ఓపిక ఉన్నవాళ్లు అలిపిరి నుంచి కొండెక్కుతారు. ఇప్పుడు కొందరు కొత్త మాట తెచ్చారు. వరసగా మూడు నెలలు ఎక్కనివాళ్లను వాట్సాప్ గ్రూపులోంచి తీసేయాలట. అలా అయితేనే క్రమశిక్షణ ఉంటుందంటున్నారు. ఈ ఆదివారం తేలుస్తారు.

నేను దీనికి ఒప్పుకోను. అలిపిరి దారి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిలువెక్కుడు, తర్వాత కాళ్లకు కాస్త తెరిపి, మళ్లీ మోకాళ్ల పర్వతం. నాకు 58 ఏళ్లు, నేను ఎక్కుతాను. కానీ మా గుంపులో ఒక పెద్దమ్మ ఉంది. కుడి మోకాలు అరిగిపోయింది. చేతికర్రతో వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చుని మెడ, భుజాలు, చేతులు తిప్పుతుంది. ఎవరైనా రెండు రోజులు కనపడకపోతే ఫోను చేసేది ఆమే. పోయిన వానాకాలంలో నేను జ్వరంతో పడుకుంటే మూడో రోజుకల్లా మనవడితో మిరియాల చారు పంపింది. ఒలకకుండా స్టీలు డబ్బా మూతకు పాత చీర పేలిక గట్టిగా కట్టి పంపింది. ఆ ముడి విప్పడానికే నాకు రెండు నిమిషాలు పట్టింది. ఈ రూలు పెడితే ముందు పోయేది ఆమే.

కొర్లగుంట షుగరు మనిషి:
అన్నా, మీ బాధ అర్థమైంది. నా సంగతి కూడా వినండి. డాక్టరు నడవమంటే ఆరు నెలలు సాకులు చెప్పాను. గ్రూపువాళ్లు వదలకుండా లాక్కెళ్లారు కాబట్టే ఈరోజు బాగున్నాను. మొదటిసారి గాలిగోపురం దగ్గర కూలబడ్డాను, ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నా. గట్టిగా చెప్పేవాళ్లు లేకపోతే సగం మంది ఇల్లు కదలరు. అలిపిరి కష్టమనుకుంటే శ్రీవారి మెట్టు పెట్టుకుందాం, 2,388 మెట్లే కదా.

ఫిజియోథెరపీ చేస్తుంటాను:
మెట్లు తక్కువే గానీ ఆ దారి రెండు కిలోమీటర్ల పైచిలుకులోనే కొండెక్కిస్తుంది. అంటే ఇంకా నిటారు. అరిగిన మోకాలికి చదునైన నేల మీద నడక మంచిది, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం మంచిది. మెట్లెక్కితే మోకాలిచిప్ప మీద బరువు బాగా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. పార్కులో రోజూ అరగంట చురుగ్గా నడిస్తే ఐదు రోజుల్లో అది పూర్తవుతుంది. 65 దాటినవాళ్లు తూలిపడకుండా ఉండే వ్యాయామాలు కూడా వారానికి మూడు రోజులు చేయాలి. అవి బెంచీ పట్టుకుని చేయొచ్చు. 60 దాటినవాళ్లు, బీపీ, ఆస్తమా, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు నడిచి కొండెక్కడం మంచిది కాదని 2024లో టీటీడీయే భక్తులకు చెప్పింది. దాన్ని మనం తప్పనిసరి ఎలా చేస్తాం?

అలిపిరి దగ్గరే ఉంటాను:
కొండ నడిచి ఎక్కడం మొక్కు సామీ. ఎవరి మొక్కు వాళ్లది, దానికి హాజరు వేయకూడదు. ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, వంగి వంగి ఎక్కే ఆడవాళ్లు ఆ దారిలో ఉంటారు. వాళ్ల పక్కన టైము చూసుకుంటూ పరుగులు తీయడం నా మనసుకు నచ్చదు.

బైరాగిపట్టెడ వాకర్:
కొర్లగుంట తమ్ముడూ, నిన్ను లాక్కెళ్లినవాళ్లు మంచిపనే చేశారు. కానీ వాళ్లు నీ చెయ్యి పట్టుకున్నారు గానీ నీ పేరు కొట్టేస్తామని బెదిరించలేదు కదా? రానివాళ్ల ఇంటికి వెళ్లి పిలుద్దాం, నేనూ వస్తాను. తీసేయడం మాత్రం వద్దు.

నా మాట ఇదీ. ఎక్కేవాళ్లు అలిపిరి నుంచి ఎక్కనీ. ఎక్కలేనివాళ్లు ఆ ఆదివారం కపిలతీర్థం దాకా మెల్లగా నడవనీ. రెండు గుంపుల ఫొటోలూ ఒకే గ్రూపులో పెడదాం.

నిన్న పెద్దమ్మకు ఈ గొడవ చెప్పాను. "గ్రూపులోంచి తీసేస్తే ఎవరు రాలేదో నాకెట్లా తెలుస్తుంది నాయనా?" అంది. అప్పటినుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది. ఆదివారం పార్కుకు రాలేనివాళ్లు శనివారం రాత్రికల్లా నాకు చెప్పండి. మీ మాట కూడా అక్కడ చెబుతాను.