15 బార్‌ని 9కి దించాలా, గ్రైండర్ సరిచేస్తే చాలా?

సునాబెడ గ్లాసు:
సింగిల్ బాయిలర్ ఎస్ప్రెసో మిషన్, 58 మి.మీ. పోర్టాఫిల్టర్ (పొడి పెట్టి మిషన్‌కి బిగించే పిడి), వైబ్రేషన్ పంపు, ముందు పంపు ఒత్తిడి చెప్పే ‘15 బార్’ స్టిక్కరు. గింజ కొరాపుట్ అరబికా, మీడియం రోస్టు, వేయించి పది రోజులు. పొడి 18 గ్రాములు, 27 సెకన్లలో కప్పులోకి 36 గ్రాములు. లెక్క కుదిరింది, రుచి కుదరలేదు. నాలిక మీద పడగానే పులుపు, మింగాక చేదు. అడుగులేని పోర్టాఫిల్టర్ పెట్టి చూస్తే రెండు చోట్ల తెల్లటి సన్నని ధార పిచికారీ కొడుతోంది. ఓపీవీ, అంటే అదనపు ఒత్తిడిని వదిలేసే వాల్వు, తిప్పి 9 బార్‌కి దించమని కొందరు, మిషన్ జోలికి పోకుండా గ్రైండర్ చూసుకోమని కొందరు. ఏది ముందు? ఇంకో సందేహం: ఈ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి బార్ లెక్క మార్చాలా?

జయపురం స్పానర్:
ముందు ఆ స్టిక్కరు సంగతి. నీళ్లు పోయే దారి పూర్తిగా మూసేస్తే పంపు ఎక్కగలిగే గరిష్ఠం 15 బార్. కాఫీ మీద పడాల్సిన ఒత్తిడి అది కాదు. 1961లో ఫయేమా ఇ61 అనే ఇటలీ మిషన్ పంపుతో వచ్చినప్పటి నుంచీ కాఫీ షాపు మిషన్లు 9 బార్ దగ్గరే నడుస్తున్నాయి. ఇంటి మిషన్లలో చాలావాటికి ఓపీవీని ఫ్యాక్టరీలోనే అంతకన్నా ఎక్కువకి బిగించి పంపుతారు. రెండు గోడల బాస్కెట్‌తో (పొడి పోసే చిల్లుల గిన్నె), పాత పొడితో కూడా నురగ రావాలని.

ఒత్తిడి పెరిగితే నీళ్లు ఎక్కువ పారతాయనుకుంటాం. 9 దాటాక పొడి దిమ్మ ఇంకా ఇంకా బిగుసుకుంటుంది, నీరు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ చీల్చుకుని పోతుంది. మీరు చూసిన తెల్ల ధార అదే. ఆ దారి పక్కన పొడి అతిగా కడిగేసుకుపోయి చేదు, మిగతా దిమ్మ సగమే తడిసి పులుపు. రెండూ ఒకే కప్పులో ఉన్నాయంటే వాల్వు దించాల్సిందే.

పని ఇలా చెయ్యండి. ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే చాలదు. బాయిలర్ పూర్తిగా చల్లారాక స్టీమ్ నాబ్ తెరిచి మిగిలిన ఆవిరి వదలండి. ట్యాంకు తీసి పై మూత విప్పండి. పంపుకీ బాయిలర్‌కీ మధ్య ఒక వాల్వు, దాన్నుంచి ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్న గొట్టం కనిపిస్తాయి. ఆ గొట్టం ఉన్నదే ఓపీవీ. తిప్పే రకమైతే మూత స్పానర్‌తో తీసి, లోపలి స్క్రూని అలెన్ కీతో ఎడమవైపుకి పావు చుట్టు తిప్పండి. స్ప్రింగు వదులై ఒత్తిడి తగ్గుతుంది. పావు చుట్టు, మూత వేసి కొలత, మళ్లీ పావు చుట్టు. ఒకేసారి రెండు చుట్లు తిప్పితే ఎక్కడ ఉన్నామో తెలియదు.

స్ప్రింగు మార్చే రకమైతే, ఉదాహరణకి ‘ఎవో’ అనే కొత్త రకం రాకముందు గాజియా క్లాసిక్ ప్రో, వాల్వు విప్పి 9 బార్ స్ప్రింగు వెయ్యాలి. లోపలి చిన్న రబ్బరు సీలు జారి కింద పడుతుంది, అందుకే మిషన్ కింద తెల్ల గుడ్డ పరుచుకోండి. ఇత్తడి మర చేతితో మొదలుపెట్టాలి, స్పానర్‌తో చివరి బిగింపే. అడ్డంగా ఎక్కితే వాల్వు మొత్తం కొనాల్సి వస్తుంది. ఎవో ప్రోలో కంపెనీయే 9 బార్‌కి పెట్టి ఇస్తోంది, దాన్ని కదపక్కర్లేదు.

రాయగడ గ్రైండర్:
మాస్టారు చెప్పిన పనిలో తప్పు లేదు, వరసలోనే తప్పుంది. తెల్ల ధార కనపడగానే వాల్వు దగ్గరకి పరిగెత్తితే అసలు జబ్బు అలాగే ఉంటుంది. 9 బార్‌లో కూడా ధార కొడుతుంది, కాస్త నెమ్మదిగా.

ముందు బాస్కెట్ వెలుతురుకి పట్టి చూడండి. అడుగంతా చిన్న చిన్న చిల్లులుంటే మంచిదే. లోపల చాలా చిల్లులుండి బయట ఒకటే ఉంటే అది రెండు గోడల బాస్కెట్. అందులో ఒత్తిడి పుట్టించేది ఆ ఒక్క చిల్లే, పొడి కాదు. దానికి ఓపీవీ ఎంత తిప్పినా రుచి మారదు. అడుగులేని పోర్టాఫిల్టర్ వాడుతున్నారు కాబట్టి ఈ గొడవ మీకు ఉండకపోవచ్చు, అయినా చూడండి.

తర్వాత పొడి. బొంబాయి రవ్వ కన్నా బాగా సన్నం, మైదా కన్నా కాస్త గరుకు. వేళ్ల మధ్య నలిపితే ముద్దవ్వాలి, కానీ గీరుకున్నట్టు తెలియాలి. మిక్సీలో పట్టిన పొడిలో పిండీ రవ్వా రెండూ ఉంటాయి, దాంతో ఏ బార్‌లోనూ కుదరదు. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి అసలు వెయ్యకండి. తడిసి ఉబ్బి బాస్కెట్‌ని సిమెంటు చేస్తుంది. వానాకాలం కొండ మీద గింజ చెమ్మ పట్టి నిన్నటి సెట్టింగు ఈ రోజు పనిచెయ్యదు, ఒక గీత మార్చుకోవాల్సిందే.

ఇక సర్దడం. 0.4 మి.మీ. సన్న తీగలతో అడుగు దాకా కలిపి ఉండలు విడగొట్టాలి, ట్యాంపర్ వాలకుండా నొక్కాలి. పొడి ఎక్కువైందేమో తెలియాలంటే, నొక్కిన దిమ్మ మీద ఒక రూపాయి బిళ్ల కడిగి తుడిచి పెట్టి, పోర్టాఫిల్టర్ బిగించి, నీళ్లు వదలకుండానే విప్పండి. బిళ్ల దిమ్మలోకి దిగబడి ఉంటే అర గ్రాము, గ్రాము తగ్గించాలి. పైనుంచి నీళ్లు చల్లే షవర్ జల్లెడకి ఆనుకున్న దిమ్మ బిగించేటప్పుడే పగులుతుంది. ఇవన్నీ స్పానర్ ముట్టకుండా ఒక్క పూటలో తేలతాయి.

పర్లాకిమిడి మీటర్:
ఎలా కొలవాలో ఇద్దరూ వదిలేశారు. కొలవకుండా తిప్పడం కళ్లు మూసుకుని కుట్టడమే.

ప్రెషర్ మీటర్ బిగించిన పోర్టాఫిల్టర్ తగిలించి పంపు నడిపితే బయటికి దారి మూసుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు ముందుకి కదలవు. పంపు తోసిందంతా వాల్వు గుండా ట్యాంకులోకి తిరిగి పోతుంది. ఆ స్థితిలో చూపే అంకె షాట్ (ఒక విడత కాఫీ) నడిచేటప్పటి కన్నా అర నుంచి ఒక బార్ ఎక్కువ. మూసిన మీటర్‌లో 10 చూపిస్తే దిమ్మ మీద దాదాపు 9. మూసిన మీటర్‌లోనే 9కి దించి, షాట్ 8లో నడుస్తుంటే ఎందుకు పలచగా ఉందని అడిగేవాళ్లు చాలామంది. మీటర్‌కి చిన్న నీడిల్ వాల్వు ఉంటే 30 సెకన్లకి 35 మి.లీ. కారేలా తెరిచి చూడండి, అదే నిజమైన అంకె. మూసి నడిపేటప్పుడు పదిహేను సెకన్లు చాలు, ఈ పంపులు ఆగకుండా నడిస్తే వేడెక్కుతాయి.

ట్యాంకులోకి పోయే గొట్టం కూడా చూడండి. షాట్ నడుస్తుండగా అక్కడ ధార పడుతుంటే వాల్వు పనిచేస్తోంది. చుక్క కూడా పడకపోతే వాల్వు తెరుచుకునే ఒత్తిడికి పంపు చేరలేదన్నమాట.

అక్కడే కరెంటు సంగతి వస్తుంది. ఈ పంపులో పిస్టన్ ఊగేది కరెంటు అయస్కాంతం వల్ల. దీపాలు పెట్టే వేళ వోల్టేజీ 230 నుంచి 190కి పడితే దెబ్బ బలం తగ్గుతుంది. పొద్దున 9 బార్ ఉన్న మిషన్ సాయంత్రం అందుకోలేకపోవడానికి కారణం వాల్వు కాదు. కొలత ఎప్పుడు తీశారో, అప్పుడు వోల్టేజీ ఎంతో రాసుకోండి. స్టెబిలైజర్ పెట్టేట్టయితే హీటరు ఒక్కటే వెయ్యి వాట్లు దాటుతుంది కాబట్టి 2 కేవీఏకి తగ్గకూడదు.

ఎత్తు గురించి: 900 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం కన్నా 0.1 బార్ తక్కువ. వాల్వూ మీటరూ రెండూ బయటి గాలితో పోల్చి పనిచేసేవే, కాబట్టి మార్చాల్సింది లేదు. నీళ్లు అక్కడ 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి, కాఫీకి కావాల్సిన 90–94కి అది అడ్డు కాదు. కాఫీ తీసే ముందు గ్రూప్‌లోంచి, అంటే పోర్టాఫిల్టర్ బిగించే చోటు నుంచి, నీళ్లు వదిలితే బుస్సుమని ఆవిరి వచ్చేది మాత్రం కాస్త తొందరగా వస్తుంది. ఆవిరి ఆగి నీరు నిలకడగా పడే దాకా వదిలి, అప్పుడు పోర్టాఫిల్టర్ తగిలించండి.

జయపురం స్పానర్:
మీటర్ గారి మాట పూర్తిగా ఒప్పుకుంటాను, మూసిన మీటర్‌లో 10 అనే పెట్టుకోవాలి. గ్రైండర్ గారితో మాత్రం ఒప్పుకోను. 13 బార్‌లో గ్రైండ్ సరిచేస్తే ఆ సరి 13 బార్‌కే సరి. వాల్వు దించిన రోజు మళ్లీ మొదటికే వస్తారు. పునాది ముందు, గోడ తర్వాత.

ఒక హెచ్చరిక. ఫ్యాన్ రెగ్యులేటర్‌ని పంపు వైరుకి తగిలిస్తే ఒత్తిడి తగ్గుతుందని కొందరు చెబుతారు. ఇప్పటి మెట్ల రకం రెగ్యులేటర్లలో కెపాసిటర్లుంటాయి. ఈ పంపులో డయోడ్ ఉండి సగం అలే తీసుకుంటుంది. వరసలో కెపాసిటర్ వస్తే అది ఒకవైపు కరెంటుని ఆపేస్తుంది, పంపు సరిగా కొట్టుకోదు. ట్రయాక్ రకం డిమ్మర్ పనిచేస్తుంది. అయితే అది పంపు వైరులో మాత్రమే ఉండాలి, హీటరు దాని గుండా పోకూడదు. వైరింగు రానివాళ్లు ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించుకోవాలి.

రాయగడ గ్రైండర్:
పునాది మాట బాగుంది. కానీ మీటర్ పెట్టకముందే 13 బార్ అని మీరెలా అన్నారు? మొదటి అడుగు కొలతే అయితే నాకు అభ్యంతరం లేదు. మూసిన మీటర్‌లో 11 లోపు ఉంటే వాల్వు ముట్టవద్దు, తీగలూ రూపాయి బిళ్లా చాలు. 12 దాటితే దించండి, ఆ తర్వాత గ్రైండ్.

ఇంకోటి, ఒక్కసారిగా ఒత్తిడి తగ్గినట్టు అనిపిస్తే వాల్వు బిగించకండి. బోరు నీళ్ల ఊళ్లలో సున్నం పొర వాల్వు సీటు మీద పడితే అది పూర్తిగా మూసుకోదు. ముందు లీటరు నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నడిపి, రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడగండి. అల్యూమినియం బాయిలరైతే ఆ నీళ్లు లోపల రాత్రంతా నిలవ ఉంచకూడదు.

సునాబెడ గ్లాసు:
మీటర్ తెప్పిస్తాను. స్ప్రింగులు అమ్మే చోట 6.5 బార్‌ది కూడా ఉంది. మీడియం రోస్టుకి అది నయమా?

పర్లాకిమిడి మీటర్:
ముందు 9తో వారం రోజులు తాగండి. 6.5లో దిమ్మ తక్కువ బిగుస్తుంది, ధార కొట్టడం తగ్గుతుంది, లేత రోస్టుల్లో పండు రుచి తేటగా వస్తుంది. కానీ నురగ పలచబడుతుంది. పాలు కలిపి తాగే ఇంట్లో ఆ తేట రుచి పాల కింద పోతుంది, కాఫీ చిక్కదనమే మిగలాలి. పాలతోనే అయితే 9 దగ్గర ఆగండి. స్ప్రింగు మార్చిన ప్రతిసారీ గ్రైండ్ కదపకుండా మొదటి షాట్ తీసి, గ్రాములూ సెకన్లూ రాసుకుని, అప్పుడే గీత తిప్పండి.

జయపురం స్పానర్:
పాలతో కూడా 6.5 బాగుంటుంది, 18 గ్రాములకి 36 బదులు 30 దగ్గరే కప్పు తీసేస్తే. రెండు స్ప్రింగులూ తెప్పించుకోండి, విప్పిన పాతదాన్ని పడెయ్యకుండా చీటీ కట్టి దాచండి.