మొదటి సెమిస్టర్‌లో ముందు ఏది: సి ప్రోగ్రామింగ్ పాఠమా, ప్రాజెక్టా?

బ్రెడ్‌బోర్డ్:
డిప్లొమా, బీటెక్ మొదటి ఏడాదిలో సి మొత్తం పాయింటర్ల దాకా చెప్పాకే ప్రాజెక్టు ఇవ్వాలంటారు చాలామంది లెక్చరర్లు. నేను ఒప్పుకోను. మూడో వారంలోనే ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు చేతిలో పెట్టండి. ట్రాఫిక్ సిగ్నల్‌కి కావలసింది ఎల్‌ఈడీలు మూడు, 220 ఓమ్ రెసిస్టర్లు మూడు, ఒక పుష్ బటన్, జంపర్ వైర్లు. అంతే. ఎరుపు నిమిషం పాటు వెలగాలని పిల్లలు డిలే(60 * 1000) అని రాస్తారు, అంటే అన్ని మిల్లీసెకన్లు ఆగమని. ఎరుపు వెలుగుతుంది, ఇక ఆరదు! యూనోలో ఇంట్ (పూర్ణాంకాలు దాచే డేటా టైపు) అంటే 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. 60000 కాస్తా -5536 అవుతుంది. డిలే మాత్రం మైనస్ గుర్తు లేని 32 బిట్ల సంఖ్యనే తీసుకుంటుంది కాబట్టి -5536ని చాలా పెద్ద సంఖ్యగా చదువుతుంది, ఆ లైటు ఆరడానికి 49 రోజుల పైనే పడుతుంది. 60 బదులు 60యూఎల్ (మైనస్ లేని 32 బిట్ల సంఖ్య అని చెప్పే గుర్తు) అని రాస్తే సరిపోతుంది. డేటా టైపుల మీద నాలుగు క్లాసులు చెప్పినా ఇంతగా మనసుకెక్కదు.

సెమికోలన్:
మీ ఉదాహరణ నా వాదనకే బలమండీ. ఇంట్ హద్దు తెలియని పిల్లవాడు 60 తీసేసి 30 పెడతాడు. 30000 హద్దులోపే కాబట్టి లైటు మారుతుంది, రికార్డులో సంతకం పడుతుంది. తప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే లెక్క ల్యాపుటాపులో జీసీసీ అనే సి కంపైలర్‌తో (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) చేస్తే 60000 అనే వస్తుంది, అక్కడ ఇంట్ 32 బిట్లు గనక. ఈ తేడా ఎవరు చెప్పాలి? ముందు ఆరు వారాలు లూపులు, ఫంక్షన్లు, అర్రేలు. చుట్టుచుట్టుకీ వేరియబుల్ విలువ ఎంతో కాగితం మీద రాయించాలి. బోర్డు సంగతి తర్వాత.

ల్యాబ్‌బెంచి:
అసలు చిక్కు బటన్ దగ్గర మొదలవుతుంది. పిన్‌ని ఉత్త ఇన్‌పుట్‌గా వదిలేస్తే అది గాల్లో వేలాడుతున్నట్టే. వైరు దగ్గరికి చెయ్యి తెచ్చినా రీడింగ్ మారిపోతుంది. బటన్ ఒక కాలు పిన్‌కి, ఇంకోటి గ్రౌండ్‌కి పెట్టి ఇన్‌పుట్_పుల్అప్ (బోర్డు లోపలి రెసిస్టర్‌తో పిన్‌ని 1 దగ్గర నిలిపే సెట్టింగ్) రాయాలి. అప్పుడు నొక్కితే 0, వదిలితే 1. అయినా డిలే నడుస్తున్నంతసేపు బటన్ నొక్కినా ప్రోగ్రామ్‌కి తెలియదు, అందుకే ఆగకుండానే గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లిస్ ఫంక్షన్‌కి మారక తప్పదు. కాపీ కోడ్ భయం ఉంటే వైవాలో అక్కడికక్కడే ఒక మార్పు అడగండి: బటన్ నొక్కితే పసుపు ఒక్కటే మిణుకుమనాలి, 15 నిమిషాల్లో. సొంతంగా రాసినవాళ్లకి అది పెద్ద పని కాదు.

బ్రెడ్‌బోర్డ్:
సెమికోలన్ గారూ, 30 పెట్టేలోపే బోర్డు పంపే విలువలు చూపే సీరియల్ మానిటర్‌లో 60 * 1000 ప్రింట్ చేయించండి. -5536 కళ్ల ముందే కనబడుతుంది. ఇంకోటి, ఐడీఈ (బోర్డుకి కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) ప్రిఫరెన్సెస్‌లో కంపైలర్ వార్నింగ్స్ మొదట్లో 'నన్' అనే ఉంటాయి. 'ఆల్' పెడితే, ఇంటీజర్ ఓవర్‌ఫ్లో, అంటే సంఖ్య హద్దు దాటింది అని కంపైలరే చెప్తుంది.

సెమికోలన్:
వార్నింగ్స్ మాట బాగుంది, మొదటి రోజే పెట్టించాలి. కానీ ఓవర్‌ఫ్లో అన్న మాట చదివి బిట్ల దాకా ఆలోచించాలంటే, బిట్లు అంతకుముందే చెప్పి ఉండాలి. ఆరు వారాలు కాకపోతే నాలుగు. మూడో వారానికి మాత్రం ఒప్పుకోను.