నాయనమ్మ మాట తప్పు అన్న పిల్లవాడికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: మియాపూర్ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. నా పుట్టినిల్లు తెనాలి, మెట్టినిల్లు జగిత్యాల దగ్గర ఒక పల్లె. మామయ్యగారు పోయిన తరువాత, రెండేళ్లుగా అత్తయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. మేమిద్దరం ఉద్యోగాల నుంచి ఏడు దాటితే గానీ ఇల్లు చేరము కనుక, నాలుగో తరగతి చదువుతున్న మా అబ్బాయి బడి బస్సు దిగినప్పటి నుంచి వాడికి అన్నం పెట్టేదీ, పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేదీ ఆవిడే. వాడికి వచ్చిన తెలుగులో సగానికి పైగా ఆవిడ ఒడిలో నేర్చుకున్నదే.

పోయిన నెలలో బడిలో 'మా ఊరు' మీద పది వాక్యాలు రాసుకుని రమ్మన్నారు. వాడు నాయనమ్మ ఊరి గురించి రాశాడు. 'చేనులో మక్కలు వేస్తారు', 'చేనుకు పోయే తొవ్వలో చింతచెట్టు ఉంది' అని రాస్తే, మక్కలు, తొవ్వ అన్న రెండు మాటలకూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పైన మొక్కజొన్న, దారి అని రాసి పంపించారు. నేను పుస్తకం చూసి సంతకం పెట్టాను. మా వైపు ఆ రెండు మాటలూ వాడరు కాబట్టి ఆ దిద్దుబాటులో నాకు వింత ఏమీ కనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే నన్ను బాధ పెడుతున్నది అదే.

ఆ శనివారం సాయంత్రం అత్తయ్యగారు పొయ్యి మీద కంకులు కాలుస్తూ, "రా బిడ్డా, మక్క కంకి తిందువు" అని పిలిచారు. వాడు దగ్గరికి వెళ్లి, "నాయనమ్మా, అట్లా అనకూడదు. అది తప్పు అని టీచర్ చెప్పారు. మొక్కజొన్న అనాలి" అన్నాడు. ఎగతాళి చేయలేదు. తాను కొత్తగా తెలుసుకున్న మంచి సంగతిని ఆవిడకూ చెప్పాలన్నట్టే చెప్పాడు. ఆవిడ కంకి తిప్పడం మరచిపోయి, అది ఒకవైపు మాడిపోతూ ఉండగా నా వైపు చూశారు. నాకు నోట మాట రాలేదు.

ఇదివరకు వాడు చెప్పులు వేసుకుంటూ ఉంటే, "ఏడికి పోతున్నవ్ రా" అని వంటింట్లోంచే కేక వేసేవారు. ఇప్పుడు "ఏ..." అని మొదలుపెట్టి, ఆగి, ఆలోచించుకుని, "ఎక్కడికి వెళ్తున్నావు" అని మెల్లగా అడుగుతున్నారు. రాత్రి కథ చెప్పమంటే, "నాకు మంచిగ చెప్పరాదు బిడ్డా, మీ అమ్మనడుగు" అంటున్నారు. ఊళ్లో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడాలంటే తలుపు దగ్గరగా వేసుకుంటున్నారు. మావారు తల్లితో ఆ యాసలోనే మాట్లాడతారు గాని, ఆఫీసు నుంచి ఫోను వస్తే ఆయన మాటతీరు మొత్తం మారిపోతుంది. పిల్లవాడు అది కూడా గమనిస్తున్నాడేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

టీచరును చులకన చేయకుండా పిల్లవాడికి ఏమని చెప్పాలి? అత్తయ్యగారి మనసు ఎలా కుదుటపరచాలి? పుస్తకంలోని తెలుగు నా పుట్టింటి తెలుగుకు దగ్గరగా ఉంటుంది కనుక, 'మీ మాట కూడా మంచిదే అత్తయ్యా' అని నేను అంటే అది ఆవిడకు జాలిపడినట్టు వినిపిస్తుందేమోనని వెనుకాడుతున్నాను.

జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, హనుమకొండ

అమ్మా, నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. ఆ ఎర్ర సున్నాలు నేనూ చుట్టాను, ఎవరి ఇంట్లో ఏ అవ్వ నోరు మూగబోయిందో అప్పట్లో ఆలోచించలేదు. అందుకే మీ ఉత్తరానికి జవాబు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు 'తొవ్వ' సంగతి చూద్దాం. నిఘంటువులో త్రోవ అనే మాట ఉంటుంది. వాడుకలో రకారం జారిపోయి అది తోవ అయింది, మీ అత్తయ్యగారి వైపు తొవ్వ అయింది. క్రింద కింద అయినట్టు, త్రాగు తాగు అయినట్టు, ప్రొద్దు పొద్దు అయినట్టు జరిగిన మార్పే ఇదీను. మీ అబ్బాయి 'నీళ్లు తాగాను' అని రాస్తే ఏ టీచరూ సున్నా చుట్టరు. ఒకే రకం మార్పు ఒక మాటలో ఒప్పు, మరో మాటలో తప్పు ఎలా అవుతుందో పిల్లవాడినే అడగండి. తొమ్మిదేళ్ల పిల్లలు ఇలాంటి పొడుపు విప్పడానికి ఉత్సాహపడతారు. ఇక మక్కలు. ఇక్కడి మార్కెట్ యార్డుల్లో రైతులు అనే మాట అదే, ఇక్కడి పత్రికలు శీర్షికల్లో వేసే మాట కూడా అదే.

పుస్తకాల తెలుగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. గ్రాంథికం రాస్తేనే తెలుగు అనే రోజుల్లో, 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాష బడిలోకి రావాలని జీవితమంతా పోరాడారు. చివరికి వాడుకభాష గెలిచింది గాని, పుస్తకాల్లో స్థిరపడింది ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి వాడుక. తెలంగాణలో దానిని రెండున్నర జిల్లాల భాష అనడం మీరు వినే ఉంటారు. మా ఓరుగల్లు కాళోజీ నారాయణరావు గారు ఈ వివక్షను జీవితమంతా ఎదిరించారు. గిడుగు వారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రెండు రోజుల కథా పిల్లవాడికి కలిపి చెప్పండి.

టీచరుతో తగవు వద్దు. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం వల్ల అన్ని పాఠశాలల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. ఆ పని మీదపడిన ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకాన్ని పట్టుకుని నడుస్తున్నారు, అంతే. డైరీలో మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి.

జవాబు: ఒక తండ్రి, కూకట్‌పల్లి

మాస్టారి మాటల మీద నాకు గౌరవం ఉంది, అయినా ఒక విషయంలో నాది వేరే అభిప్రాయం. మాది నల్లగొండ జిల్లా. ఇంటర్ చదవడానికి హైదరాబాద్ వచ్చినప్పుడు తరగతిలో నేను నోరు తెరిస్తే వెనుక బెంచీలో నవ్వేవారు. ఆ నవ్వును తప్పించుకోవడానికి పుస్తకాల తెలుగు పట్టుదలగా నేర్చుకున్నాను, దానివల్ల బతుకులో మేలు కూడా పొందాను. అందువల్ల పిల్లవాడికి మొక్కజొన్న అన్న మాట నేర్పడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. పరీక్షలో ఏది రాయాలో వాడికి తెలియాలి. గాయం చేసింది కొత్త మాట కాదు, పాత మాటను 'తప్పు' అనడం. 'ఇది బడి మాట, అది ఇంటి మాట, రెండూ నీవే' అని చెబితే పిల్లవాడికి సరిపోతుంది.

మీ ఆయన గురించి మీరు రాసిన వాక్యం చదివి చాలాసేపు ఆగిపోయాను. నేనూ అంతే. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు పక్కన ఎవరైనా ఉంటే ముక్తసరిగా ముగిస్తాను. ఆ మార్పు పెద్దవాళ్ల దగ్గరే మొదలుకావాలి, పిల్లవాడి దగ్గర కాదు.

జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, హనుమకొండ

నాయనా, పరీక్ష గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కాని అది పరీక్ష కాదు, తన ఊరి గురించి తాను రాసుకున్న పది వాక్యాలు. ఆ ఊళ్లో ఉన్నది తొవ్వే.

జవాబు: సిద్దిపేట అమ్మాయి, ఇప్పుడు ఉప్పల్‌లో

అక్కా, మీ అబ్బాయి చేసిన పని ఒకప్పుడు నేను చేశాను. మా అమ్మమ్మ 'దవాఖాన' అంటే 'ఆసుపత్రి అనాలి' అని దిద్దేదాన్ని. 2018 నుంచి ఈ నగరంలో ప్రభుత్వమే బస్తీ దవాఖాన అని బోర్డులు పెట్టింది. మొదటిసారి ఆ బోర్డు చూసేసరికి అమ్మమ్మ లేదు. ఆమె దగ్గర ఎన్నో బతుకమ్మ పాటలు ఉండేవి, వాటిలో నాకు పూర్తిగా వచ్చినవి రెండే.

అందుకని నా మనవి ఒక్కటే. పిల్లవాడితో క్షమాపణ చెప్పించకండి. పెద్దావిడకు 'మీ యాస గొప్పది' అని మీరు చెప్పనూ వద్దు. ఆవిడకు మాత్రమే తెలిసిన సంగతి ఏదో ఒకటి వాడికి అవసరమయ్యేటట్టు చూడండి. పెత్రమాస, అదే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, దగ్గరికొస్తోంది. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజుల పేర్లు, ఏ రోజు ఏ ఫలహారం అన్నది రాసుకురమ్మని వాడికి పని పెట్టండి. ఆ పేర్లు నాయనమ్మ నోటితో చెబితేనే అందం.

ప్రశ్న అడిగిన తల్లి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే డైరీలో మర్యాదగా రాశాను. టీచరుగారు మార్కులు మార్చలేదు గాని, సున్నాల పక్కన 'ప్రాంతీయ పదం' అని రాసి, ఏ ఇంట్లో ఏ మాట వాడతారో తరగతిలో అడిగారట. మావాడు ఆ రోజు ఎనిమిది మాటలు చెప్పి వచ్చాడు.

మావారికి మీ జవాబులు చదివి వినిపించాను. మరునాడు హాల్లో, అందరి ముందూ, తన పిన్నికి ఆయనే ఫోన్ చేసి ఊరి మాటల్లోనే అరగంట మాట్లాడారు. అత్తయ్యగారు వంటింట్లో పప్పు తిరగబోస్తూ, చెల్లెలు చెప్పేది అందుకుని మధ్యమధ్యలో గట్టిగా జవాబు చెప్పారు. తలుపు వేయలేదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు గీతల కాపీ పుస్తకం ఒకటి ఉంది. అందులో యాది, సోపతి, అంగి, కుడుక అని ఎడమవైపు ఆవిడ మాట, కుడివైపు నా మాట, నా మాట లేనిచోట ఖాళీ. అత్తయ్యగారికి చదవడం రాదు. వాడు రాసింది పైకి చదివించుకుని, పలుకు కుదరకపోతే మళ్లీ రాయిస్తున్నారు. అయితే గుమ్మం దగ్గర మాత్రం ఇంకా "ఎక్కడికి" అనే అడుగుతున్నారు. దాని గురించి నేను ఏమీ అనడం లేదు.

నిన్న బతుకమ్మ రోజుల పేర్లు రాస్తూ ఆరో రోజు దగ్గర వాడు ఆగిపోయాడు. అలిగిన బతుకమ్మ, ఆ రోజు పూలు పేర్చరు అని ఆవిడ చెప్పారు. "ఎవరి మీద అలిగింది నాయనమ్మా?" అని వాడు అడిగితే, ఆవిడ కాసేపు వాడి ముఖంలోకి చూసి, "తెల్లారితే వేపకాయల బతుకమ్మనే కదరా, ఎన్ని దినాలు అలుగుతది" అన్నారు. ఆ రోజుకు బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి వేయించే వంట ఎలా చేస్తారో చూపించమని వాడు పట్టుపట్టాడు. ఆదివారానికి పిండి పట్టించాలి.