గ్రాండ్ నేషనల్: 34 గుర్రాల్లో గెలిచేదాన్ని ఎలా పట్టాలి?

ఉత్తరగాలి
ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం వస్తోందంటే మా ఆఫీసులో స్వీప్‌స్టేక్ చీటీలు తీస్తారు. అది సరదాకి. నాకు మాత్రం కాస్త బుర్ర పెట్టి రెండు మూడు గుర్రాలు ఎంచుకోవాలని ఉంది. పేపర్లు తిరగేస్తే ఒక్కొక్కరిది ఒక్కో పాట. చదివిన వాటిలోంచి మూడు సూత్రాలు ఏరి పెట్టుకున్నాను: వీపు మీద జాకీతో కలిపి 11 స్టోన్ల (స్టోన్ అంటే 14 పౌండ్లు) కంటే తక్కువ బరువు ఉండాలి, వయసు 9 నుంచి 11 మధ్య ఉండాలి, 3 మైళ్ల ఛేజ్ (పెద్ద కంచెలు దూకే రేసు) ఒక్కటైనా గెలిచి ఉండాలి. వీటితో జల్లెడ పడితే జాబితా సగానికి తగ్గుతోంది. ఇవి ఇప్పటికీ పనిచేస్తాయా? ఏళ్ల తరబడి ఈ రేసు చూస్తున్నవాళ్లు చెప్పండి.

పాతకాపు
మూడో సూత్రం ఉంచుకోండి. మొదటి రెండూ పాత రేసువి. ఇప్పుడు జరుగుతున్నది ఆ రేసు కాదు.

వయసు సంగతి చూడండి. 2012లో నెప్ట్యూన్ కొలాంజ్, 2013లో ఆరోరాస్ ఎన్‌కోర్, 2014లో పీనో డి రే, వరసగా మూడేళ్లు 11 ఏళ్ల గుర్రాలే గెలిచాయి. అనుభవం ఉన్న ముసలి గుర్రమే నేషనల్ గుర్రం అని అప్పట్లో అందరూ రాసేవాళ్లు. 2015 నుంచి 2025 వరకు గెలిచినవాటిలో తొమ్మిదేళ్లు దాటింది ఒక్కటీ లేదు. ఎక్కువ ఎనిమిదేళ్లవి. 2022లో నోబుల్ యేట్స్ ఏడేళ్లకే గెలిచింది. అంతకుముందు ఏడేళ్ల గుర్రం గెలిచింది 1940లో! మీ సూత్రం పెట్టుకుని జల్లెడ పడితే నోబుల్ యేట్స్, ఐ యామ్ మాక్సిమస్, నిక్ రాకెట్ మూడూ మొదటి వడపోతలోనే పోయేవి.

బరువు కూడా అంతే. టైగర్ రోల్ 2019లో 11 స్టోన్ల 5 పౌండ్లు మోసి గెలిచింది. ఐ యామ్ మాక్సిమస్ 2024లో 11-6 (అంటే 11 స్టోన్ల 6 పౌండ్లు), నిక్ రాకెట్ 2025లో 11-8. ఆ 2025 రేసులో రెండో స్థానంలో వచ్చింది 11-12 మోసిన ఐ యామ్ మాక్సిమస్. అంటే అందరికన్నా ఎక్కువ బరువున్న గుర్రం. మధ్యలో మినెల్లా టైమ్స్ 10-3తో, కోరాక్ రాంబ్లర్ 10-5తో గెలిచాయి కాబట్టి బరువే మేలని కూడా అనను. బరువు చూసి కొట్టేయకండి అంటున్నాను, అంతే.

ఎందుకు మారింది? 2013లో కంచెల లోపల ఉండే గట్టి కర్ర చట్రం తీసేసి, వంగే ప్లాస్టిక్ పుల్లలు పెట్టారు. పైన స్ప్రూస్ కొమ్మలు అలాగే ఉంటాయి కాబట్టి చూడ్డానికి తేడా తెలియదు. కానీ గుర్రం కాలు తగిలితే ఇదివరకులా బోర్లా పడదు, రాసుకుంటూ దాటేస్తుంది. 2024లో గుర్రాల సంఖ్య 40 నుంచి 34కి తగ్గించారు, కనీస రేటింగ్ (గుర్రం సత్తాకి ఇచ్చే మార్కు) 125 నుంచి 130కి పెంచారు, మొదటి కంచెని స్టార్ట్‌కి 60 గజాలు దగ్గరకి జరిపారు. మొదటి కంచె దగ్గరికి వచ్చేసరికి వేగం అంత ఎక్కకూడదని. ఆ ఏడాది రేసులో ఒక్క గుర్రం కూడా పడలేదు. కొన్ని జాకీలని పడేశాయి, చాలావాటిని జాకీలే ఆపేశారు, అది వేరే సంగతి. ప్రమాదం తగ్గేకొద్దీ ఖరీదైన, మంచి గుర్రాలని ఇటు పంపడానికి యజమానులు జంకడం మానేశారు. క్లాస్ ఉన్న గుర్రం 11 స్టోన్ల మీద కొంచెం మోసినా చలించదు.

లెక్కలమాస్టారు
పాతకాపు గారితో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. బరువు ఎంత అన్నదానికన్నా, ఆ బరువు *ఎప్పుడు* వేశారన్నది చూడాలి.

మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేసే రేసు ఇది. ఆ బరువులు ఫిబ్రవరిలో ప్రకటిస్తారు. రేసు ఏప్రిల్‌లో. ఆ మధ్యలో గుర్రం ఎంత బాగా పరిగెత్తినా నేషనల్ బరువు పెరగదు. అంటే ఫిబ్రవరి మూడో వారంలోనో మార్చిలోనో ఓ పెద్ద రేసు గెలిచిన గుర్రం, నిజానికి మోయాల్సినదానికన్నా తక్కువే మోస్తుంది. రేసు వాళ్లు దీన్నే 'వెల్ ఇన్' అంటారు.

2023: కోరాక్ రాంబ్లర్ మార్చిలో చెల్టెనమ్‌లో అల్టిమా ఛేజ్ గెలిచి వచ్చింది.
2024: ఐ యామ్ మాక్సిమస్ ఫెయిరీహౌస్‌లో బాబీజో ఛేజ్ గెలిచి వచ్చింది.
2025: నిక్ రాకెట్, మళ్లీ అదే బాబీజో.

మూడూ బరువులు ప్రకటించాక జరిగిన గెలుపులే. మొదటి రెండూ ఫేవరెట్ల వరసలో ఉన్నాయి (8/1, 7/1; 8/1 అంటే ఒకటి పెడితే ఎనిమిది లాభం). నిక్ రాకెట్ మాత్రం 33/1కి దొరికింది! ఒకే దారిలో వచ్చినా జనం దాన్ని పట్టించుకోలేదు. పైగా జనవరిలో థైస్టీస్ ఛేజ్ కూడా గెలిచి ఉంది. నేనైతే గుర్రాల వివరాలుండే రేసు కార్డు చేతికి రాగానే ఫిబ్రవరి మధ్య నుంచి జరిగిన రేసులు ముందు చూస్తాను, మిగతావి తర్వాత.

చిత్తడినేల
మాస్టారూ, అదే కోరాక్ రాంబ్లర్ 2024లో చెల్టెనమ్ గోల్డ్ కప్‌లో మూడో స్థానం తెచ్చుకుని వచ్చి, నేషనల్ మొదటి కంచె దగ్గరే జాకీని పడేసింది. ఆ సంగతి కూడా చెప్పండి మరి 🙂

లెక్కలమాస్టారు
చెప్పాను అనుకోండి. ఏ లెక్కా మొదటి కంచెని దాటించదు.

మూడోమైలు
అందరూ బరువు, వయసు పట్టుకున్నారు. నాకు ముందు దూరం. ఈ రేసు 4 మైళ్ల రెండున్నర ఫర్లాంగుల దాకా, అంటే దాదాపు 6.9 కిలోమీటర్లు. రెండు రౌండ్లు, 30 కంచెలు. చివరి కంచె దాటాక ఇంకా 494 గజాలు పరిగెత్తాలి, మధ్యలో ఎల్బో అనే చోట ఓ వంపు. చాలా గుర్రాలు ఆ 494 గజాల్లోనే ఓడిపోతాయి.

1973లో క్రిస్ప్ 12 స్టోన్లు మోస్తూ రేసంతా ముందే ఉంది, చివరి కంచె కూడా చాలా ముందుగా దాటింది. ఎల్బో దగ్గరికి వచ్చేసరికి కాళ్లు తడబడ్డాయి. 23 పౌండ్లు తక్కువ మోస్తున్న రెడ్ రమ్ వెనక నుంచి వచ్చి ముప్పావు లెంగ్త్‌తో (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) గెలుపు కొట్టేసింది. 2018లో టైగర్ రోల్ కూడా దాదాపు చేజార్చుకునేది, ప్లెజెంట్ కంపెనీ మీద తలకాయ తేడాతో బయటపడింది.

కాబట్టి '3 మైళ్లు గెలిచింది' అన్నది సరిపోదు. *ఎలా* గెలిచిందో వీడియో చూడండి. నేను చూసేది ఇది: చివరి మూడు కంచెలకి ముందు జాకీ చేతులు. అందరికన్నా ముందు చేతులు ఆడించి తోయడం మొదలుపెట్టాడా? అయినా గుర్రం స్థానం కోల్పోకుండా అదే వేగంతో వస్తూ, ఫినిష్ దాటాక కూడా మిగతావాటిని దాటుకుంటూ పోతోందా? అదీ నాకు కావలసిన గుర్రం. 3 మైళ్లకి అది నెమ్మది, నాలుగూ చిల్లరకి సరిగ్గా సరిపోతుంది. చేతులు కదపకుండా హాయిగా వచ్చి చివర్లో ఒక్క ఉరుకుతో గెలిచిందనుకోండి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నేషనల్‌కి మాత్రం నాకు అనుమానమే.

ఐరిష్ గ్రాండ్ నేషనల్, వెల్ష్ నేషనల్ లాంటి మూడున్నర మైళ్లు దాటిన రేసుల్లో మొదటి నాలుగింట్లో వచ్చిన గుర్రాలకి నా దగ్గర అదనపు మార్కులు. ఐ యామ్ మాక్సిమస్ 2023లో ఐరిష్ నేషనల్ గెలిచిందే.

పాతకాపు
దూరం విషయంలో ఒక్క హెచ్చరిక. వంశం చూసి తీర్పు ఇవ్వకండి. టైగర్ రోల్ తండ్రి ఆథరైజ్డ్, కంచెల్లేని ఫ్లాట్ రేసుల్లో డెర్బీ గెలిచిన గుర్రం. టైగర్ రోల్ కూడా 2014లో గెలిచింది ట్రయంఫ్ హర్డిల్ అనే చిన్న కంచెల రేసు, అంటే రెండు మైళ్ల పై చిలుకు. చిన్న గుర్రం, పొట్టిది. అది రెండుసార్లు నేషనల్ గెలుస్తుందని ఆ రోజు ఎవరైనా అంటే నవ్వేవాళ్లు. కానీ 2017లో నాలుగు మైళ్ల నేషనల్ హంట్ ఛేజ్ గెలిచినప్పుడే సూచన దొరికింది.

చిత్తడినేల
నా పేరులోనే ఉంది నా సలహా. నేల ఎలా ఉందో రేసు రోజు పొద్దున దాకా చూడకుండా డబ్బు పెట్టొద్దు. రికార్డు టైమ్ 1990లో మిస్టర్ ఫ్రిస్క్‌ది, 8 నిమిషాల 47.8 సెకన్లు, గట్టి నేల మీద. అలాంటి నేల ఇప్పుడు ఇవ్వరు, ఎండగా ఉంటే నీళ్లు పెడతారు. మరో కొస 2001. వాన, బురద. 40 బయలుదేరితే నాలుగే చేరాయి, అందులో రెండింటిని జాకీలు మళ్లీ ఎక్కి తెచ్చారు. రెడ్ మరాడర్ 33/1కి గెలిచింది. కాబట్టి ప్రతి గుర్రం పక్కనా 'సాఫ్ట్' (మెత్తటి నేల), 'హెవీ' (బురద నేల) అన్నచోట ఏం చేసిందో రాసుకోండి. వాన పడితే సగం జాబితా దానంతటదే కరిగిపోతుంది.

ఉత్తరగాలి
చాలా ఉపయోగంగా ఉంది. నా మొదటి రెండు సూత్రాలూ చెత్తబుట్టలోకి. ఒక సందేహం: ఫామ్ అంకెల (గత రేసుల్లో వచ్చిన స్థానాల) మధ్య అక్షరాలు ఉంటాయి కదా, ఎఫ్, యు, పి అని. ఎఫ్ ఉంటే తీసేయాలా?

కంచెకాపలా
అన్ని అక్షరాలకీ ఒకే శిక్ష వేయకండి.

ఎఫ్ అంటే పడింది. యు అంటే జాకీ కింద పడ్డాడు, గుర్రం పడలేదు. బి అంటే ఇంకో గుర్రం అడ్డుపడి పడేసింది, దీని తప్పు లేదు, మర్చిపోండి. ఆర్ అంటే కంచె ముందు ఆగి మొండికేసింది. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది అదే, ఆ బుద్ధి మళ్లీ వస్తుంది. పి అంటే జాకీయే ఆపేశాడు. ఎందుకు ఆపాడో వెతకండి: నేల నచ్చకనా, ఊపిరి సమస్యా, లేక పని అయిపోయిందని తెలివిగా ఆపేశాడా? నేషనల్‌కి నెల ముందు ఓడిపోయే రేసులో గుర్రాన్ని అలవగొట్టకుండా ఆపడం మంచి ట్రైనర్ల పద్ధతి కూడా.

ఒక ఎఫ్ ఎప్పుడో మొదట్లో, కొత్తలో పడితే పర్వాలేదు. గత ఐదారు రేసుల్లో రెండు ఎఫ్‌లు, ఒక యు ఉన్నాయంటే నేను ముట్టుకోను. కంచెలు మెత్తబడ్డాయన్న మాట నిజమే, కానీ 30 కంచెలు 30 కంచెలే. ది చెయిర్ అనే కంచె ఇప్పటికీ 5 అడుగుల 2 అంగుళాలు. కెనాల్ టర్న్ అనే కంచె దగ్గర దిగీ దిగగానే ఎడమకి 90 డిగ్రీలు తిరగాలి, కుడివైపుకి ఒరిగి దూకే అలవాటున్న గుర్రం అక్కడే ఐదారు లెంగ్త్‌లు పోగొట్టుకుంటుంది. పాత వీడియోల్లో అది గమనించండి: గాల్లో ఎటు జరుగుతోంది?

డిసెంబర్‌లో ఇవే కంచెల మీద బెచర్ ఛేజ్ జరుగుతుంది. గుర్రానికి ఎయింట్రీ నచ్చిందో లేదో దాంట్లో తెలిసిపోతుంది. రెడ్ రమ్‌కి నచ్చింది: నేషనల్‌లో 1973, 74, 77 గెలుపులు, మధ్యలో 75, 76ల్లో రెండో స్థానం.

బూడిదరంగు
నేను ఏటా బూడిదరంగు గుర్రం మీదే వేస్తా. 1961 తర్వాత 2012లో గెలిచింది. మళ్లీ వస్తుంది చూడండి.

కంచెకాపలా
51 ఏళ్లకి ఒకసారైతే మీ మనవళ్లు వసూలు చేసుకుంటారు.

మూడోమైలు
జాకీ గురించి ఎవరూ ఎత్తలేదు. పేరున్న జాకీ ఏ గుర్రాన్ని ఎంచుకున్నాడని చూడ్డం పరిపాటి. ఒకే ట్రైనర్‌కి ఐదారు గుర్రాలున్నప్పుడు మొదటి జాకీ ఎంపికని జనం వేదంలా తీసుకుంటారు. 2025లో పాల్ టౌనెండ్ ఐ యామ్ మాక్సిమస్ ఎక్కాడు. గెలిచింది అదే ట్రైనర్ విల్లీ మల్లిన్స్ శిబిరంలోని నిక్ రాకెట్, మీద ఆయన కొడుకు పాట్రిక్, అమెచ్యూర్ రైడర్. 2022లో నోబుల్ యేట్స్ మీదా అమెచ్యూరే, సామ్ వేలీ కోహెన్, అదే ఆయన చివరి రైడ్. కాబట్టి శిబిరం బలం చూడండి, అందులో రెండో మూడో పేరుని కూడా చూడండి, రేటు బాగా ఉండేది అక్కడే.

ఉత్తరగాలి
మరి గెలుపు మీదే వేయాలా, ఈచ్‌వే వేయాలా?

లెక్కలమాస్టారు
ఇంత పెద్ద ఫీల్డ్‌లో నేను ఈచ్‌వేనే వేస్తాను. ఈచ్‌వే అంటే రెండు పందేలు: ఒకటి గెలుపు మీద, ఇంకోటి ప్లేస్ మీద, అంటే మొదటి కొన్ని స్థానాల్లో రావడం మీద. 5 పౌండ్లు ఈచ్‌వే అంటే మీ జేబులోంచి పోయేది 10. గుర్రం 33/1, ప్లేస్‌కి ఆ రేటులో ఐదో వంతు ఇస్తున్నారనుకోండి. గెలిస్తే మొదటి సగానికి 170, రెండో సగానికి 38, మొత్తం 208 చేతికొస్తాయి. గెలవకుండా ప్లేస్‌లో వస్తే 38 మాత్రమే. అదే 7/1 ఫేవరెట్ ప్లేస్‌లో వస్తే వచ్చేది 12, పెట్టింది 10. అందుకే ఫేవరెట్ మీద ఈచ్‌వే దండగ, పెద్ద రేటున్న గుర్రం మీదే దానికి అర్థం. ఎన్ని స్థానాల దాకా ఇస్తారో, నాలుగో వంతా ఐదో వంతా అన్నది ఒక్కో బుకీ దగ్గర ఒక్కోలా ఉంటుంది, నేషనల్‌కి పోటీపడి స్థానాలు పెంచుతారు. రేటు ఒక్కటే చూసి వేసేయకండి.

ఇంకోటి, ముందే తొందరపడి వేస్తే, గుర్రం రాకపోతే డబ్బు పోయినట్టే, 'నాన్ రన్నర్ నో బెట్' (గుర్రం రాకపోతే పందెం రద్దు) అని రాసి ఉంటే తప్ప.

చిత్తడినేల
అందుకే గురువారం దాకా ఆగమంటాను. శనివారం రేసుకి తుది జాబితా గురువారం వస్తుంది.

లెక్కలమాస్టారు
గురువారం దాకా ఆగితే 33/1 గుర్రం 16/1 అయిపోతుంది గదా. బాబీజో అయిన సాయంత్రమే వేయాలి, నాన్ రన్నర్ షరతు ఉన్నచోట.

చిత్తడినేల
వేయండి. వాన పడితే మాట్లాడదాం.

ఉత్తరగాలి
ఇద్దరి మాటా వింటాను. బాబీజో అయ్యాక సగం, గురువారం నేల చూసి సగం. ఇప్పటికి చేతిలో తొమ్మిది పేర్లు మిగిలాయి. వాటి రేసుల వీడియోలు ఈ వారాంతం చూసి, జాకీ చేతులు ముందు కదిలినవేవో ఇక్కడే రాస్తాను. బూడిదరంగు గారూ, మీది కూడా అందులో ఒకటుంది.