«కూతవేటు»లోని వేటు: గోల్ఫు ఆటలో దూరానికి సరిపోయే మాట

సభ్యులందరికీ నమస్కారం. మాది కావలి. మా అబ్బాయితో కలిసి ఫోనులో ఆన్‌లైను గోల్ఫు ఆడుతూ, గ్రీను (గుంత ఉండే నున్నని పచ్చిక) మీదికి బంతిని చేర్చే అప్రోచ్ షాట్ గురించి వాడికి తెలుగులో వివరించబోతే ఒక మాట దొరకక ఆగిపోయాను. దెబ్బ పక్కకు పోతే «గురి తప్పింది» అంటాం. దిక్కు సరిగ్గానే ఉండి బంతి గుంతలో పాతిన జెండాకు ఇవతలే పడితే «అందలేదు» అనీ, అవతలికి పోతే «దాటింది» అనీ అంటాం. ఇవన్నీ కొట్టిన తరువాతి మాటలు. కొట్టకముందే మనసులో ఖాయం చేసుకొనే దూరానికి పేరేమిటి?

తెర మీద జెండా 150 గజాలని కనబడుతుంది. గోల్ఫులో యార్డు అంటే మన గజమే, 3 అడుగులు. (మా నెల్లూరు వైపు ఇళ్ల స్థలాలను చదరపు గజాల్లో కాక అంకణాల్లో చెప్పుకుంటాం గనుక గజమంటే మాకు పొడవే స్ఫురిస్తుంది.) ఆ 150 నేల దూరం మాత్రమే. గ్రీను 15 అడుగుల ఎత్తున ఉంటే, 3 అడుగులకు ఒక గజం చొప్పున 5 కలపాలి. గంటకు 10 మైళ్ల ఎదురుగాలి ఉంటే, గోల్ఫు ఆడేవారి మోటు లెక్కలో మైలుకు నూటికి ఒకటి చొప్పున మరో 15 కలపాలి. అదే గాలి వెనక నుంచి వీస్తే అందులో సగమే తీసివేయాలి, ఎందుకంటే ఎదురుగాలి బంతిని ఆపినంతగా వెనకగాలి ముందుకు తోయదు. ఎదురుగాలికైతే మొత్తం 170. పడ్డాక 6 గజాలు దొర్లుతుందనుకుంటే 164కు కొట్టాలి. నిండు దెబ్బకు 180 గజాలు పోయే క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) పట్టుకుంటే, బలం చూపే మీటరును నూటికి 91 దగ్గర ఆపాలి. ఒక్కో ఆటలో ఈ లెక్కలు కొంత మారతాయి గనుక నాలుగు దెబ్బలు కొట్టి సరిచూసుకోవలసిందే.

ఈ 164ను ఉజ్జాయింపు అనలేను, అది లెక్క కట్టని సుమారు. అంచనా అనేది చేసే పనికి పేరు, దూరానికి కాదు. నా మనసు «వేటు» వైపు మొగ్గుతోంది. కూతవేటు దూరాన్ని ఎవరూ గజాల్లో కొలవరు. కూత అందినంత మేర అది. సముద్రపు గాలి వీచే వేళ చేనికి తూర్పున నిలిచి పిలిస్తే పడమటి గట్టు మీది మనిషి పలుకుతాడు, అతడు తిరిగి పిలిస్తే మనకు సరిగా వినబడదు. నేల అంతే ఉన్నా వేటు మారింది. పెద్దలు మీ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు:
అన్నగారూ, మాది కనిగిరి. తెలుగు బైబిలులో రాతివేత దూరము, వింటివేత దూరము అనే ప్రయోగాలున్నాయి. విసిరే బలాన్ని బట్టి దూరాన్ని చెప్పే పద్ధతి మనకు కొత్త కాదు. అయితే విడిగా «వేటు» అంటే నేటి పాఠకుడికి ముందు తోచేది ఉద్యోగి మీద పడే వేటు. అందుచేత «వేటుదూరం» అని సమాసంగానే వాడటం మంచిది. అంచనాను మాత్రం తక్కువ చేయకండి. కర్రాబిళ్లలో బిళ్ల పడ్డాక, గుంత దాకా ఇన్ని కర్రలని కొట్టినవాడు అడుగుతాడు, ఎదుటి జట్టు ఒప్పుకోకపోతే కర్రతో కొలుస్తారు. చూపుతో నేలను కొలిచే ఆ నేర్పు అంచనాయే.

తిరుగు జవాబు:
తమ్ముడూ, మీ సవరణ నాకు పూర్తిగా సమ్మతం. కర్రాబిళ్లలో కొట్టాక నేలను అంచనా వేస్తాం; ఇక్కడ కొట్టకముందే వేటుదూరాన్ని అంచనా వేస్తున్నాం. రెండు మాటలూ కావలసినవే, వాటి చోట్లు వేరు. రాత్రి ఆటలో మావాడు «నాన్నా, నేల 132, గ్రీను 12 అడుగుల పల్లంలో ఉంది, గాలి లేదు, మొత్తం 128 కదా» అన్నాడు. దొర్లుడుకు 5 తీసి, వేటుదూరం 123 అన్నాను.