అప్‌డేట్: టీవీ స్లైడ్‌షోలో కొన్ని ఫొటోలు రాకపోవడం – పరిష్కారం దొరికింది

పెన్‌డ్రైవ్‌లోని 140 ఫొటోల్లో దాదాపు 30 టీవీలో తెరుచుకోవడం లేదని, కంప్యూటర్‌లో మాత్రం అన్నీ బాగానే కనిపిస్తున్నాయని అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు ఒకటి కాదు, రెండు. కొన్ని హెచ్ఈఐసీ (ఐఫోన్ వాడే ఫొటో ఫార్మాట్) ఫైళ్లు. ఎవరో పేరు చివర జేపీజీ అని మార్చారంతే. పేరు మారిస్తే లోపలి ఫార్మాట్ మారదు కదా! మిగతావి నిజమైన జేపెగ్‌లే (జేపీజీ అన్నా ఇదే), కానీ ప్రోగ్రెసివ్‌గా, అంటే మొదట మసకగా కనిపించి క్రమంగా స్పష్టమయ్యేలా సేవ్ అయినవి. ఈ టీవీ బేస్‌లైన్ జేపెగ్ (పైనుంచి కిందికి తెరుచుకునే మామూలు రకం) మాత్రమే చదువుతుంది.

పనిచేసిన సలహా: గింప్ (ఉచిత ఫొటో ఎడిటర్)లో తెరిచి, జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'ప్రోగ్రెసివ్' టిక్ తీసేయడం. క్వాలిటీ 90, సైజు 1920×1080కి సరిపడా. ఫొటోకీ ఫొటోకీ మధ్య వచ్చే ఆలస్యం కూడా దీంతో పోయింది.

అక్షరాలున్న టైటిల్ స్లైడ్లు మాత్రం పీఎన్‌జీ (నాణ్యత తగ్గకుండా సేవ్ చేసే ఫార్మాట్)లోనే ఉంచాను. జేపెగ్‌లో ఒత్తుల చుట్టూ మురికి మరకల్లా వస్తోంది.

పెన్‌డ్రైవ్‌ను మళ్లీ ఫార్మాట్ చేయడం, ఫైల్ పేర్లలో ఖాళీలు తీసేయడం, టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్: వీటికీ సమస్యకూ సంబంధమే లేదు.

ఇకపై తీసే ఫొటోలకు ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే నేరుగా జేపెగ్‌లే వస్తాయి.