చీటీ డబ్బు ఎగ్గొట్టిన విశ్వాసిని క్షమించాక నోటు మీద దావా వేయొచ్చా?

సంతపేట_పాఠకురాలు (చిత్తూరు)
అందరికీ వందనాలు. ఎవరింటి సంగతి అన్నది పక్కన పెట్టి, ప్రశ్న మాత్రం చూడండి. ఒకే సంఘంలో ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె చీటీ నడిపింది, ఇంకొకామె ఇరవై నెలలు కట్టింది. చీటీ మధ్యలో నిలిచిపోతే 1,80,000 రూపాయలకు ప్రామిసరీ నోటు రాసిచ్చింది. నోటు రాసి రెండేళ్ల తొమ్మిది నెలలైంది, రూపాయి తిరిగి రాలేదు. 'క్షమించానన్నావు కదా, మళ్లీ అడగడమేంది? ఇందులో దేవుని సంకల్పం ఏదో ఉంది' అని సంఘంలో అంటున్నారు. క్షమించడమంటే నోటు చించేయడమేనా?

సంఘపెద్ద_రేణిగుంట
అమ్మా, మనం రోజూ చేసే ప్రభువు ప్రార్థనలోనే జవాబుంది. 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము.' మత్తయి రాసిన గ్రీకు మాటకు కూడా అర్థం అప్పే. తర్వాత మత్తయి 18వ అధ్యాయంలో, రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడి ఉపమానం చూడండి. ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి! రాజు వాయిదాలు కట్టమనలేదు, జామీను అడగలేదు, మొత్తం కొట్టేశాడు. ఆ క్షమాపణ పొందినవాడే బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. డెబ్బది ఏళ్లమారులు క్షమించమన్న అధ్యాయం అదే. నోటు పట్టుకుని వెంటపడేవాళ్లు ఆ రెండో సీను చదువుకోవాలి.

కొర్లగుంట_కుర్రోడు
డెబ్బై ఏళ్లంటే మనిషి బతికినంత కాలమూ అని కదన్నా. క్షమిస్తానే ఉండాల.

బెరయవాసి (తిరుపతి)
తమ్ముడూ, అక్కడ 'ఏళ్లు' సంవత్సరాలు కాదు. ఏడు అనే అంకెకు బహువచనం. డెబ్బై సార్లు ఏడు అని. చాలామంది ఇక్కడే పొరబడతారు. గ్రీకు మాటను డెబ్బై ఏడు అని కూడా చదవొచ్చు. ఆదికాండము 4:24లో లెమెకు డెబ్బది యేడంతలు పగ తీర్చుకుంటానన్నాడు, గ్రీకు పాత నిబంధనలో అక్కడున్నదీ ఇదే మాట. పగకు లెమెకు వేసిన లెక్కను ప్రభువు క్షమాపణకు తిప్పాడు.

ఇక అసలు ప్రశ్న. పెద్దాయన 18వ అధ్యాయాన్ని 21వ వచనం నుంచి మొదలుపెట్టారు. అది 15వ వచనం దగ్గరే మొదలైంది: ముందు ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజెయ్యి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. లూకా 17:3 కూడా గద్దించమని, మారుమనస్సు పొందితే క్షమించమని చెబుతుంది. ఆ మారుమనస్సు ఎట్లుంటుందో సంఖ్యాకాండము 5:7లో కొలత ఇచ్చారు: తప్పు ఒప్పుకోవాలి, అసలు తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి. ఈ కేసులో 1,80,000కు 36,000 కలిపి 2,16,000. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాకే 'నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది' అన్న మాట వచ్చింది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. అడిగినప్పుడు చెల్లించే ప్రామిసరీ నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ తర్వాత కాలదోషం పడుతుంది, అంటే దావా నిలవదు. ఇక్కడ మిగిలింది మూడు నెలలు. 'ప్రార్థన చేస్తా ఆగమ్మా' అని చెప్పేవాళ్లకు ఈ తేదీ తెలుసా?

సంఘపెద్ద_రేణిగుంట
తేదీలు నాకూ తెలుసు. మొదటి కొరింథీ 6 మీరు చదవలేదా? సహోదరుడు సహోదరునితో వ్యాజ్యెమాడడమే లోపమన్నాడు పౌలు. అంతకంటే అన్యాయం సహించడం మేలు కాదా అన్నాడు. లోకంలో జరిగేది కూడా చెబుతాను. లాయరు నోటీసు అందిన వారానికే అవతలివాళ్లు ఐపీ (దివాలా పిటిషన్) పెడతారు. ఇల్లు తమ్ముడి పేరు మీదికి పోతుంది. ఫీజులూ ఖర్చులూ కలిపి ఉన్నది కూడా ఊడుతుంది. డబ్బూ రాదు, సంఘమూ నిలవదు. గ్లాడిస్ స్టెయిన్స్‌ గారిని చూడండి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ కాల్చేసినవాళ్లను క్షమించి వదిలేశారు. మనం లక్షా ఎనభై వేల దగ్గర నిలబడ్డాం.

గిరింపేట_అక్క
అన్నా, అది సగమే. 1999 జనవరిలో ఒడిశాలో మనోహర్‌పూర్‌ ఘటన తర్వాత ఆమె క్షమించిన మాట నిజం. కానీ కేసు ఆగలేదు. ప్రధాన నిందితుడు దారాసింగ్‌కు కింది కోర్టు 2003లో ఉరిశిక్ష వేసింది, 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె మనసులో పగ వదిలేసింది, శిక్ష సంగతి ప్రభుత్వం చూసుకుంది. ఒకదానికొకటి అడ్డం రాలేదు.

కొర్లగుంట_కుర్రోడు
అయితే 490 నా, 77 నా? పాస్టరు గారు 490 అని చెప్పిండారు.

బెరయవాసి (తిరుపతి)
ఏదైనా సరే, లెక్కపెట్టుకోవద్దనే భావం తమ్ముడూ.

పెద్దాయనా, కొరింథీ 6లో 5వ వచనం వదిలేశారు. సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని అడిగాడు పౌలు. 8వ వచనంలో అపహరించేవాళ్లను గద్దించాడు. సహించమన్న మాట ఒక్కటే పట్టుకుని, ఆ మాట పోగొట్టుకున్న ఆమెకే వినిపిస్తున్నారు. చీటీ నడిపినామెకు 8వ వచనం ఎవరైనా వినిపించారా? 1982 చిట్‌ఫండ్‌ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చీటీ నడపడమే నేరమని ఎవరైనా చెప్పారా?

సంఘపెద్ద_రేణిగుంట
మీరు వాక్యం కన్నా చట్టమే ఎక్కువ చదివినట్టున్నారు. యోసేపును అన్నలు ఇరవై తులాల వెండికి అమ్మేశారు. ఆయన ఏ కోర్టుకెక్కాడు? 'మీరు నాకు కీడు ఉద్దేశించారు, దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడు' అన్నాడు. రోమా 8:28 చెప్పేదీ అదే, సమస్తమూ సమకూడి జరుగుతున్నాయని. డబ్బు పోవడంలో కూడా దేవుని చెయ్యి చూడలేనివాడికి విశ్వాసం ఏముంది?

బెరయవాసి (తిరుపతి)
ఈ మాట దగ్గరే నాకు కడుపు మండుతుంది. యోసేపు ఆ మాట ఎప్పుడన్నాడు? ఆదికాండము 50వ అధ్యాయంలో, తండ్రి చనిపోయాక, తన కష్టం గురించి తన నోటితో అన్నాడు. గుంటలో పడి ఉన్నప్పుడు పైనుంచి ఎవరూ వంగి 'ఇది దేవుని సంకల్పంలే' అని అరవలేదు. అరిచివుంటే అది అన్నల గొంతే అయివుండేది. ఇంకోటి, ఆయన వెంటనే కలిసిపోలేదు. ఐగుప్తులో అధికారి అయ్యాక, 42 నుంచి 44 వరకు మూడు అధ్యాయాలు అన్నలను పరీక్షించాడు. మూడు రోజులు కావలిలో పెట్టాడు, షిమ్యోనును ఆపుకున్నాడు, బెన్యామీను గోనెలో గిన్నె పెట్టించాడు. తమ్ముడి బదులు నేను దాసుడిగా ఉంటానని యూదా ముందుకొచ్చాకే ఏడ్చి బయటపడ్డాడు. దేవుని సంకల్పం నేనూ నమ్ముతాను. నష్టపోయినవాళ్లు చెప్పుకుంటే అది సాక్ష్యం. నష్టం లేనివాళ్లు వాళ్ల మీద రుద్దితే నోరు నొక్కడమే.

సంఘపెద్ద_రేణిగుంట
ఇప్పుడు బయటపడింది. మీ గొడవ నోటు గురించి కాదు, సంఘపెద్దల మీద. పోలీసు స్టేషన్‌ దాకా పోయిన తగవు తర్వాత రెండు కుటుంబాలూ ఒకే బల్ల దగ్గర రొట్టె ద్రాక్షారసం తీసుకోవాలంటే ఎట్లుంటుందో ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? ఒకరు వస్తే ఒకరు లేచిపోతారు. పిల్లలు సండేస్కూలు మానేస్తారు. ఆ ఇళ్లు తిరిగి తిరిగి కలపాల్సింది మేమే. మాకు ఆ భయం ఉంది. అది అబద్ధమైన భయం కాదు.

గిరింపేట_అక్క
ఈ మాట మొదట్నే చెప్పివుంటే బాగుండేదన్నా.

బెరయవాసి (తిరుపతి)
భయం నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ సమాధానానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? ఉపమానంలో రాజు కొట్టేసింది తన డబ్బు. ఫిలేమోను పత్రిక చూడండి. ఫిలేమోను దాసుడు ఒనేసిమును తిరిగి చేర్చుకోమని పౌలు అడిగాడు. ఊరికే అడగలేదు, అతడు బాకీ ఏదైనా ఉంటే 'అది నా లెక్కలో చేర్చుము' అని 18వ వచనంలో అన్నాడు. 19లో తన స్వహస్తంతో రాసి, నేనే తీరుస్తానన్నాడు. అది పౌలు రాసిచ్చిన ప్రామిసరీ నోటు. చించేయమని సలహా ఇచ్చే పెద్దలు ముందు ఆ రెండు వచనాలు చేసి చూపాలి.

సంఘపెద్ద_రేణిగుంట
ఆదివారం కానుక మూడు వేలు దాటని సంఘాలు లక్షా ఎనభై వేలు ఎక్కడినుంచి తెస్తాయి? మీరు రాసినంత సులువు కాదు. అయినా ఫిలేమోను మాట నేను కాదనలేను. మొత్తం కాకపోయినా నెలకు కొంత పూచీ పడొచ్చు. దావా వద్దనే మాట మీద మాత్రం నిలబడతాను.

సంతపేట_పాఠకురాలు (చిత్తూరు)
మీరిద్దరూ వాదించుకోండి గానీ, మూడు నెలల్లో ఏం చేయాలో చెప్పండి. దావా వేయకుండా నోటు బతికే దారి లేదా?

బెరయవాసి (తిరుపతి)
ఉందమ్మా. గడువు దాటకముందే ఐదొందలైనా సరే ఆమె కట్టాలి. నోటు వెనకవైపు తేదీ వేసి, 'ఈ నోటు బాకీ కింద ఈ రోజు 500 రూపాయలు చెల్లు పెట్టినాను' అని ఆమె చేత్తోనే రాయించి సంతకం తీసుకోండి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. డబ్బు లేకపోతే బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా చాలు, అదీ గడువులోపే. మీరు రాసుకుని ఆమె సంతకం లేకపోతే అది నిలవదు. గడువు దాటిపోతే చెల్లు పనికిరాదు, కొత్త నోటు రాయించుకోవాలి.

వాయిదాలు కుదిరితే చిత్తూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్‌ అదాలత్‌లో రాయించుకోండి. దావా వేయకముందే పెట్టొచ్చు, ఫీజు లేదు. అక్కడి అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కొరింథీ 6:5 అడిగిన బుద్ధిమంతుడు సంఘంలో దొరక్కపోతే ఇదే దగ్గరి దారి.

సంఘపెద్ద_రేణిగుంట
లోక్‌ అదాలత్‌ వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ అమ్మా, ఆ చెల్లు రాయించడానికి నలుగురిని వెంటేసుకుని ఆమె వాకిట్లో నిలబడొద్దు. ఒంటరిగా పోమ్మనండి, ఆదివారం కాకుండా, ఆమె ఇంట్లో పిల్లలు లేని వేళ చూసుకుని. మత్తయి 18:15 అక్కడ మొదలవుతుంది.

సంతపేట_పాఠకురాలు (చిత్తూరు)
గురువారం పొద్దున పిల్లలు బడికి పోతారు. ఆరోజు పోమ్మని చెబుతాను.